మొలతాడు కొలత

డాక్టరు సాబ్ పోయారన్న కబురు నాకు తొమ్మిదో రోజున అందింది. గద్వాల వైపు నుంచి ఎడ్ల బేరానికి నాగర్‌కర్నూల్ వచ్చిన రైతొకడు మా అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "మీ డాక్టర్ సాబ్ పోయిండు గదా. రేపు దశదినం. నీకు కబురు రాలే?" అన్నాడు. రాలేదన్నాను. "అరె, నేనే చెప్పాల్సొచ్చె" అని అతను నొచ్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. నేను లేచి చెంబు లోపల పెట్టి వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. రోజంతా నడిచినట్టు కాళ్లు పీకాయి, అంతే.

రేపు పొద్దున బస్సెక్కినా నేను గద్వాల చేరేసరికి పొద్దు గుంకుతుంది. మా వైపు బస్సుల సంగతీ నా మోకాళ్ల సంగతీ తెలిసిన వాళ్లెవరూ నన్ను వెళ్లమని చెప్పరు. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన బతికుండగా ఆయనతో అనవలసిన మాటొకటి అనకుండా ఉండిపోయాను. ఇన్నేళ్లూ తీరిక లేదని చెప్పుకున్నాను గాని, నిజానికి లేనిది ధైర్యం.

ఆయన దగ్గర నేను ఎనిమిదేళ్లు కాంపౌండరుగా పనిచేశాను. కోడేరు దాటి కొల్లాపూర్ పోయే దారిలో, వారానికోసారి సంత జరిగే ఒక ఊళ్లో మా దవాఖాన ఉండేది. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిని బజారుకీడ్చడం ఎందుకు. రెండు గదులు, ఒక వసారా, వసారాలో ఒక బల్లపీట. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో నేనూ నా సీసాలూ. మందు కలపడం, పుండ్లు కట్టడం, రిజిస్టరు రాయడం, సంతనాడు జనాన్ని వరసలో నిలబెట్టడం, అన్నీ నేనే. రిజిస్టరు ఉర్దూలో రాయాలి. నా ఉర్దూ దస్తూరి చూసి ఆయన, "ఏమప్పా, కోడి గెలికినట్లుంది" అనేవారు.

ఆయన గద్వాల మనిషి. చంటిపిల్లాడి దగ్గర నుంచి పట్వారీ దాకా అందరూ ఆయనకు "అప్పా"నే. ముసలివాళ్లయితే "ఏమవ్వా". పిల్లల కడుపు చూసే ముందు రెండు చేతులూ వేడినీళ్ల గిన్నెలో ముంచి తుడుచుకునేవారు. ఆ నీళ్లు కాచే పని నాది. వేసవిలో కూడా కాచాల్సిందే. ఒకనాడు పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ, "ఎండ గిట్ల మండుతుంటె వేన్నీళ్లేంది సాబ్?" అన్నాను. "చల్లటి చెయ్యి పెడితె కడుపు బిగవడ్తది. బిగవడ్డ కడుపు నాకు ఏం చెప్పదప్పా" అన్నారు. ఆ తర్వాత కూడా నేను గొణుగుతూనే కాచాను.

తల్లిని అడిగే ముందు పిల్లను అడిగేవారు. రెండేళ్ల పిల్లను కూడా. "ఏమప్పా, ఏం తిన్నవ్? కుక్కపిల్ల ఉందా మీ ఇంట్ల?" తల్లులు నవ్వేవాళ్లు. పిల్ల మాట్లాడుతూ ఉండగా ఆయన చెయ్యి మెల్లగా కడుపు మీద నడిచేది. ఇద్దరు రోగుల మధ్య ఒక్క నిమిషం నుదురు గోడకు ఆనించి నిలబడేవారు. అప్పుడు పిలిస్తే పలికేవారు కాదు. అట్లా నిలబడి వచ్చాక, అంతకు ముందే చూసిన పిల్లను కొన్నిసార్లు మళ్లీ రమ్మని, చేతులు మళ్లీ ముంచుకుని, మళ్లీ చూసేవారు. "అలిసిన చెయ్యి అబద్ధమాడ్తది" అనేది ఆయన మాట. ఆ మాటను నేను వెనకాల వెక్కిరించేవాణ్ణి. నా చెయ్యి అలవదని నాకో పొగరు.

ఆ రోజుల్లో మా వైపు చలిజ్వరం లేని ఇల్లు లేదు. వానలు పడి చెలకల్లో నీళ్లు నిలిస్తే చాలు, ఇంటికొకరు గొంగడి కప్పుకుని వణికేవాళ్లు. పెద్దవాళ్లు వణికి లేచేవాళ్లు. పిల్లలకు మాత్రం ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉబ్బి, చేతికి చెక్కలా గట్టిగా తగిలేది. దాన్నే మావాళ్లు బల్ల అంటారు. కాళ్లూ చేతులూ పుల్లలు, కడుపు కుండ. బల్ల కరగాలని కడుపు మీద ఇనుప కడ్డీతో వాతలు పెట్టించేవాళ్లు, పైన చెయ్యి వేసి తోమించేవాళ్లు. అన్నీ అయినాక దవాఖానకు తెచ్చేవాళ్లు. వాత లేని కడుపు కనబడితే డాక్టరు సాబ్ ఆ తల్లికి దండం పెట్టినంత పని చేసేవారు.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. ఎక్కడో దూరదేశంలో క్వినైన్ చెట్లున్న సీమ జపాన్ వాడి చేతికి పోయిందట. మా అల్మరాలో మాత్రల డబ్బాలు ఖాళీ అవుతూ వచ్చాయి. అడిగినదాంట్లో నాలుగోవంతు కూడా వచ్చేది కాదు. ఎవరికివ్వాలి, ఎవరికి వద్దనాలి? డాక్టరు సాబ్ రెండు రోజులు గోడకు నుదురానించుకుని ఆలోచించి ఒక రూలు పెట్టారు. బల్ల ఉన్న ప్రతి పిల్లకూ, ఊపిరి పీల్చి పట్టమని, ఎడమవైపు చివరి పక్కటెముక నుంచి బల్ల కింది అంచు దాకా దారం పెట్టి కొలవాలి. ఆ దారం తెంపి, కాగితంలో మడిచి, పేరు రాసి దాచాలి. పదిహేను రోజులకోసారి కొత్త దారం. దారం పొట్టిదవుతుంటే మందు పనిచేస్తోందన్నట్టు, ఇంకా ఇవ్వాలి. మూడు కొలతలకూ తగ్గకపోతే మాత్ర ఆపి, ఆయన తన చేత్తో మొదటి నుంచీ మళ్లీ చూస్తారు. అది చలిజ్వరం బల్ల కాకపోవచ్చు, ఇంకేదో కావచ్చు. కొలిచే పని నాకప్పగించారు.

రూలు మంచిదే. కాని సంతనాడు మా వసారాలో ఎనభై మంది. పిల్లను పడుకోబెట్టాలి, ఏడుపు ఆపాలి, ఊపిరి పట్టించాలి, ఎముక వెతకాలి, దారం తెంపాలి, కాగితం మడవాలి. రెండు వారాలకే నాకు విసుగొచ్చింది. మా పిల్లలందరికీ నడుముకు మొలతాడు ఉంటుంది. నల్లదారం, పుట్టిన ఇరవై ఒకటో రోజు నుంచీ ఉంటుంది, కదలకుండా అదే చోట. బల్ల కింది అంచుకూ మొలతాడుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూస్తే చాలు కదా అనుకున్నాను. పిల్ల నిలబడి ఉండగానే అయిపోతుంది. చార్ ఉంగల్, పాంచ్ ఉంగల్ అని నా చిట్టాలో రాసుకుని, బల్ల తగ్గిందనో పెరిగిందనో మాత్రం రిజిస్టర్లో ఎక్కించడమే. నడుమ ఎడం పెరిగితే బల్ల తగ్గినట్టు, ఎడం తగ్గితే బల్ల పెరిగినట్టు. ఇంత సులువైన దారి డాక్టరు సాబ్‌కు తట్టలేదే అని లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఆయనకు చెప్పలేదు. చెబితే దారమే పెట్టమంటారని తెలుసు.

మల్లమ్మను మొదటిసారి తెచ్చింది ఆ వానాకాలం చివర్లో. కోడేరు పక్క పల్లెలో గొర్లు కాసే బీరయ్య కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల. తల్లి ఈదమ్మ వెంట వచ్చింది. పిల్ల డాక్టరు సాబ్ అడక్కముందే తన కుక్కల పేర్లు నాలుగూ చెప్పింది. ఎడమవైపు కడుపు ఎత్తుగా ఉంది. డాక్టరు సాబ్ చాలాసేపు చూశారు.

"జరమెప్పుడొచ్చిందవ్వా?" అన్నారు తల్లిని.

"రాలే సారు. తల్లి కడుపుల పడ్డకాంచి ఈ పిల్లకు జరమే తెల్వదు. జర తినంగనె కడుపు నిండిందంటది, గంతే."

ఆయన నా వైపు తిరిగి, "జ్వరం లేదు, బల్ల మాత్రం ఉంది. అంచు గుండ్రంగ తగుల్తున్నది. నాకు అనుమానంగుంది" అన్నారు. అయినా మా వైపు జ్వరం రాని పిల్ల ఉంటుందా, తల్లి మరిచి ఉంటుందిలే అనుకున్నారేమో, మూడు కొలతలు చూద్దాం, తగ్గకపోతే పట్నం పంపుదాం అన్నారు. ఆ పిల్ల సంగతి తేలేది ఇక నా కొలత మీదే.

ఆ తర్వాత కృష్ణ ఒడ్డు ఊళ్లలో గత్తర, అదే కలరా, లేచింది. టీకాలు వేయడానికి ఆయన ఊరూరూ తిరిగారు. వారానికొకసారి దుమ్ము కొట్టుకుని వచ్చి, నిలబడే రిజిస్టరు చూసి, మళ్లీ పోయేవారు. మల్లమ్మ పేరు ఎదురుగా నా చిట్టాలో మొదట తీన్ ఉంగల్, తర్వాత చార్, తర్వాత పాంచ్; రిజిస్టర్లో బల్ల తగ్గుతోందని. "నయమే. తగ్గుతున్నది" అన్నారు ఆయన, ఆ మాట అంటూ ఊపిరి వదలడం నాకు గుర్తుంది. నాకూ గర్వంగానే అనిపించింది.

గత్తర సద్దుమణిగి ఆయన తిరిగి వచ్చిన మరునాడే సంత. నేను లోపల మందు కలుపుతున్నాను. ఆయన వసారాలో మొహం కడుక్కుంటున్నారు. ఈదమ్మ మెట్టు మీద కూర్చుని కూతురి మొలతాడు ముడి విప్పి, ఇంకాస్త వదులు చేసి, కిందికి జార్చి కడుతోంది.

"ఏం చేస్తున్నవవ్వా?" అన్నారు ఆయన.

"కడుపుకు గట్టిగైతున్నదంటది సారు. వారం పదిరోజులకోపారి జర కిందికి జార్చి కడుతున్న."

అది నాకు వినబడింది. వినబడిన ఆ క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. బల్ల తగ్గలేదు. దాని ఎదుగుదల కన్నా వేగంగా మొలతాడు కిందికి దిగింది. నడుమ ఎడం పెరిగిందని నేను రాస్తూ పోయాను.

ఆయనకు ఇంకా తెలియదు. వేడినీళ్లు అడిగారు. చేతులు ముంచుకుని, పిల్లను తల్లి ఒళ్లో పడుకోబెట్టించి, చాలాసేపు తడిమారు. తర్వాత ఎడమచేతి మూడు వేళ్లు ఎడంగా ఉబ్బు మీద ఆనించి, నడిమి వేలి మీద కుడిచేత్తో చిన్నగా కొట్టారు. మళ్లీ కొట్టారు. నన్ను పిలిచారు. "నీ వేళ్లు పెట్టు. నేను కొడ్త. ఏం తెలుస్తున్నదో చెప్పు." పెట్టాను. ఆయన కొట్టగానే నా పక్క వేళ్ల కింద సన్నగా వణికింది. నీళ్లు నిండిన తోలుతిత్తిని తట్టినట్టు.

"నీళ్లు" అన్నాను.

"బల్ల చెక్కలెక్కుంటది. చెక్కల నీళ్లుండవు. ఇది ప్లీహంల పుట్టిన నీటితిత్తి." ఆయన గొంతులో కోపం లేదు. "ఈ పిల్ల దారాల పొట్లం తే."

పొట్లం లేదు. ఉంటే కదా తెచ్చేది. మొలతాడు సంగతి చెప్పాను, ఈదమ్మ వింటుండగా కాదు, లోపలి గదిలో, సీసాల మధ్య. ఆయన అంతా విని, "ఎంతమందిని గిట్ల కొలిచినవ్?" అన్నారు. "అందరిని" అన్నాను. ఆయన నుదురు గోడకు ఆనించలేదు ఈసారి. నా స్టూలు మీద కూర్చున్నారు. ఎనిమిదేళ్లలో ఆయన నా స్టూలు మీద కూర్చోవడం అదొక్కసారే.

నాకు ఒకటే తోచింది. ఎట్లాగైనా ఇప్పుడే సరిచేయాలి. "సూది పెట్టి నీళ్లు గుంజేద్దాం సాబ్. పొద్దుగూకెవరకు అయిపోతది" అన్నాను. బయట ఈదమ్మ కూడా అదే అడుగుతోంది. ఆయన తలుపు దగ్గరికి వేసి, నాకొక్కడికే చెప్పారు.

"నేను కొత్తగ కొలువుల చేరినప్పుడు ఒక పిలగాడొచ్చిండు. గిట్లాంటి గడ్డనే. చీము అనుకొని సూది పెట్టిన. చీము రాలే. ఊటనీళ్లలెక్క తేటగొచ్చినయ్. నేను సంబరపడ్డ. ఇంతల పిలగానికి ఒళ్లంత దద్దులు. ఊపిరాడలే. వాళ్లవ్వ ఒళ్లెనే పాణం పోయింది. గా నీళ్లు ఒక్క బొట్టు లోపల చిందినా ఒళ్లు ఓర్వదు. పురుగు తిత్తి అది. చిందిన కాడల్ల మళ్ల పుడ్తది కూడ. దెబ్బ తగిలినా, ఒత్తినా, పలిగినా గదే కథ. పెద్ద దవాఖానల కడుపు కోసి తిత్తిని తిత్తిలెక్కనే తియ్యాలె."

ఇంకో చిక్కు. బల్లను చేత్తో తోమి విరగ్గొట్టే మనిషిని బీరయ్య అప్పటికే మాట్లాడి ఉంచాడట. ఆదివారానికి. ఈదమ్మ మాటల్లో అది బయటపడగానే డాక్టరు సాబ్ బీరయ్యను పిలిపించారు. సాయంత్రానికి వచ్చాడు, గొంగడి భుజాన, కర్ర చేత. పట్నం, కోయడం అనగానే తల అడ్డంగా ఊపాడు. "కోస్తె ఆడపిల్ల బతుకేమైతది సాబ్. తోమిపిస్త. మా చిన్నాయన బిడ్డకు గట్లనే కరిగింది."

డాక్టరు సాబ్ వాదించలేదు. పక్కన కూర్చోమని, గొర్ల సంగతి ఎత్తారు.

"గొర్రెను కోసినప్పుడు కార్జంల నీళ్ల బుడ్డలు కండ్లబడ్డయా ఎన్నడన్న?"

"శానసార్లు. తెల్లటియి. కోడిగుడ్డంత, ఒక్కోపారి దానికన్న పెద్దగ."

"ఏం చేస్తరు?"

"పనికిరాదని కుక్కలకేస్తం."

"పలుగుతయా అవి?"

"చెయ్యి తగిలితె పలుగుతయ్. గందుకె మెల్లగ తీస్తం."

"గా కుక్కల కడుపుల పురుగైతది. దాని గుడ్లు బొచ్చుకంటుతయ్. పిల్ల చేతికంటుతయ్, నోట్లెకు పోతయ్."

బీరయ్య కర్ర నేల మీద పెట్టాడు. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల వసారా చివర కూర్చుని మా దవాఖాన పిల్లికి రొట్టె ముక్క చూపిస్తోంది. "గంటే నా బిడ్డ కడుపుల గసొంటి బుడ్డనా సాబ్?" అన్నాడు.

"అనుకుంటున్న. కోసి చూస్తెగాని ఖాయంగ చెప్పలేను. నా అనుమానం తప్పయితె పట్నం దాక పోయి ఊరికె వస్తరు. నిజమైతె, తోమినోని చేతికింద పలుగుతది."

బీరయ్య లేచి వెళ్లి ఆ తోమే మనిషిని రావద్దని చెప్పి వచ్చాడు. బండి కట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. "బండి ఎత్తేస్తది. మంచం మీద మోస్త" అన్నాడు. ఒక డాక్టరు చెప్పవలసిన మాట గొర్లకాపరి చెప్పాడు.

కుక్కిమంచానికి రెండు వాసాలు కట్టి, వనపర్తి మీదుగా రైలు స్టేషను దాకా రెండు పగళ్లు మోశాం. బీరయ్య, అతని తమ్ముళ్లిద్దరూ, నేను. నేను మోస్తానంటే డాక్టరు సాబ్ వద్దనలేదు. సగం దారికే నా భుజం తోలు లేచింది. ఎవరికీ చెప్పలేదు. మల్లమ్మ మంచం మీద పడుకుని ఆకాశం చూస్తూ, "నా గొర్రెపిల్లకు ఆకెవరేస్తరు సారు?" అని పదిసార్లు అడిగింది. డాక్టరు సాబ్ పక్కనే నడుస్తూ పదిసార్లూ, "మీ అన్న ఏస్తడప్పా" అన్నారు. పదకొండోసారి, "మా అన్న మరుస్తడు" అంది పిల్ల. "మరిస్తె నేను పోయి ఏస్త" అన్నారు. ఆయన నిజంగానే తిరుగుదారిలో ఆ పల్లెకు వెళ్లి చూసి వచ్చారు. అన్న మరిచిపోలేదట.

స్టేషనులో పట్నం సర్జనుకు చీటీ రాసి బీరయ్య చేతికిచ్చే ముందు, తడి ఆరేదాకా పట్టుకోమని నాకిచ్చారు. చదవకూడదు. చదివాను. పిల్ల లక్షణాలన్నీ రాసి, సూది పెట్టవద్దని మనవి చేసి, చివర్న ఒక ముక్క రాశారు. "మేరీ పైమాయిష్ గలత్ థీ, ఇస్లియే దేర్ హుయీ." నా కొలత తప్పింది, అందువల్ల ఆలస్యమైంది అని. నా అంటే ఆయన. తడి ఆరాక చీటీ ఆయనకు తిరిగిచ్చాను. రైలు వచ్చింది, పిల్ల వెళ్లిపోయింది.

మల్లమ్మ బతికింది. రెండు నెలల తర్వాత కడుపు మీద పొడవాటి కుట్టుతో, మునుపటికన్నా ఎక్కువ మాటలతో వచ్చింది. తిత్తిని పలగకుండా తీశారట, ప్లీహంతో సహా. లోపల అప్పటికే ఒక పక్క రక్తం చేరిందనీ, ఇంకొన్నాళ్లయితే తనంతట తానే పలిగేదనీ సర్జను రాశాడు. డాక్టరు సాబ్ ఆ ఉత్తరం మడిచి నాకిచ్చి, దాచమన్నారు. ఆయన ఆ రోజు నవ్వడం కూడా నేను చూడలేదు. మేం అప్పటికి అంత అలిసి ఉన్నాం.

ఎందుకు అలిశామో చెప్పాలి. స్టేషను నుంచి తిరిగి వచ్చిన రోజే ఆయన రిజిస్టరు తీయమన్నారు. "తిట్టండి సాబ్" అన్నాను, ఉండబట్టలేక. "తిట్టనీకె ఓపిక లేదు. దారం తియ్యి" అన్నారు. నేను మొలతాడుతో కొలిచిన పిల్లలందరి ఇళ్లకూ వెళ్లి, ఒక్కొక్కరినీ మళ్లీ దారంతో కొలవాలి. ఊరి తర్వాత ఊరు. పొద్దున దవాఖాన, మధ్యాహ్నం నుంచి నడక. కొన్ని ఇళ్లలో నా లెక్క సరిగానే ఉంది. కొన్నింట్లో తప్పు. తప్పిన ప్రతిచోటా ఆయన మాత్రలు ఇవ్వడమో ఆపడమో చేసేవారు.

బిజినేపల్లి వైపు చిట్టచివరి పల్లెలో కిష్టడని ఒక ఆరేళ్ల పిల్లాడు. నా చిట్టాలో వాడి ఎడం మూడు కొలతలూ తగ్గుతూ వచ్చింది. బల్ల పెరుగుతోంది, మందు పనిచేయడం లేదు అని దాని అర్థం. డాక్టరు సాబ్ గత్తర ఊళ్లలో ఉన్నారు. రూలు ప్రకారం నేనే మాత్ర ఆపి, నేలవేము కషాయం తాగించమని, ఆయన వచ్చాక తీసుకురమ్మని చెప్పి పంపాను. తల్లి తీసుకురాలేదు. మేం వాకిట్లోకి అడుగుపెట్టగానే ఆమె కళ్లొత్తుకుంది. "గింత దూరం పలకరిస్తానికొచ్చిరా సారు. మీరొస్తరనుకోలే." పిల్లాడు పోయి అప్పటికి ఇరవై రోజులు.

చాప వేసింది. నీళ్లిచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. "కషాయం తాపిన సారు. మూడో జరానికి ఆగలే" అంది. మాటల్లో మాటగా ఇంకోటి చెప్పింది. జాతరలో మొక్కు తీర్చి, వాడికి కొత్త మొలతాడు, తాయెత్తుతో సహా, కాస్త పైకి కట్టి, జారినప్పుడల్లా ఇంకాస్త పైకి బిగిస్తూ వచ్చిందట. బల్ల పెరగలేదు, మొలతాడే పైకెక్కింది, పనిచేస్తున్న మాత్రను నేను ఆపాను. నేను నోరు తెరిచాను. చెబుదామనే. డాక్టరు సాబ్ చెయ్యి నా మోకాలి మీద పడింది. ఆయన ఆమె ఇచ్చిన నీళ్లు చివరి గుక్క దాకా తాగారు. నా చెంబు నిండుగానే ఉండిపోయింది.

తర్వాత దారిలో నేను, "ఆమెకు చెప్పాలె సాబ్" అన్నాను. ఆయన కొంతదూరం నడిచి, "చెప్తె నీ బరువు దిగుతది. ఆమెకెక్కుతది. మొలతాడు కట్టింది ఆమె చేతులే గద" అన్నారు. ఇంకొంత దూరం పోయాక, "రూలు నాది, కొలత నీది. మనమే మోద్దాం" అన్నారు. ఆ మాట మీద ఇప్పటిదాకా ఉన్నాను. ఆమె పేరు, ఊరి పేరు ఇక్కడ రాయకపోవడం కూడా అందుకే.

కొన్నాళ్లకు ఆయన పింఛను తీసుకుని గద్వాల వెళ్లిపోయారు. నన్ను నాగర్‌కర్నూల్ మార్చారు. రెండుసార్లు వెళ్లి చూశాను. ఇద్దరం వానల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నాం. చీటీలో నా కొలత అని ఎందుకు రాశారని అడగలేదు. మీరు లేకపోతే నేను ఆ ఏడు కొలువు మానేసి, ఇంకెవరి ముఖమూ చూడలేక ఎటో పోయేవాణ్ణని చెప్పలేదు. నన్ను మానుకోనివ్వనిది ఏమిటో మాత్రం నాకు తెలుసు. అది ఆ ఇంట్లోనే జరిగింది, మేం లేవబోతుండగా.

కిష్టడి తల్లికి ఇంకో పిల్ల ఉంది. మూడేళ్లది. వెళ్లబోతున్న డాక్టరు సాబ్‌ను ఆమె ఆపి, "దీన్ని గూడ జర చూడుండ్రి సారు. నాకు బుగులైతున్నది" అని పిల్లను చాప మీద పడుకోబెట్టింది. నేను పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాను. ఆయన కదల్లేదు. "నువ్వు చూడప్పా" అన్నారు నాతో.

ఆ ఇంట్లో, ఆ చాప మీద, ఆ తల్లి ముందు. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని, ఎడమ పక్కటెముకల కింద వేళ్లు పెట్టాను. ఊపిరి పీల్చమన్నాను. అక్కడ మెత్తగా ఉంది. మళ్లీ చూశాను. మూడోసారి చూశాను. ఆయన గుమ్మం వైపు తిరిగి, బయట ఎండను చూస్తూ కూర్చున్నారు. నా చెయ్యి ఎక్కడుందో చూడనైనా లేదు.

"బల్ల లేదమ్మా. ఏం లేదు" అన్నాను.

ఆమె నన్ను చూసి, ఆయన్ను చూసింది. "మీరు గూడ ఒక్కపారి చూడుండ్రి సారు" అంది.

"ఆయన చూసిండు గదవ్వా" అన్నారు డాక్టరు సాబ్, చెప్పులు వేసుకుంటూ.

నా చెయ్యి ఇంకా ఆ పిల్ల కడుపు మీదే ఉంది. తీయడం మరిచిపోయాను. కితకితలయ్యాయేమో, పిల్ల నవ్వడం మొదలుపెట్టింది.